ముప్పై మీటర్ల గడిలో మాయమైన కాలవ

ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఆమె ఉద్యోగం నిలబడటం. నిజంగా అంతే. సర్వే ఆఫీసులో రోజుకూలీగా చేరిన నాడు చేతికి ఒక చెక్క కర్ర ఇచ్చారు. మడత విప్పితే నాలుగు మీటర్లు. ఒంటినిండా ఎర్రగళ్లు, నల్లగళ్లు, అంకెలు. దాన్ని చెప్పినచోట నేలకి ఆనించి నిటారుగా పట్టుకోవాలి. దూరంగా మూడు కాళ్ల మీద నిలబెట్టిన లెవెలు అనే యంత్రంలోంచి సర్వేయరు కర్ర మీది అంకె చదువుకుంటాడు. అక్కడి అంకెకీ ఇక్కడి అంకెకీ తేడా కడితే ఏ నేల మెరకో ఏ నేల పల్లమో తేలిపోతుంది. ఆ ఊళ్లో వేసిన ప్రతి రోడ్డూ, తవ్విన ప్రతి కాలవా, పాతిన ప్రతి గొట్టమూ ఆమె నిలబడ్డ తర్వాతే వచ్చాయి. శంకుస్థాపన పలకల మీద మాత్రం నిలబడనివాళ్ల పేర్లున్నాయి.

ఉద్యోగంలో ఆమె ఎక్కువగా విన్న మాట "కదలకు". ఎండకి కళ్లు తిరిగినా, చీమలు పాదమెక్కినా, కుక్క వచ్చి వాసన చూసినా కదలకూడదు. పేరు హాజరు పుస్తకంలో ఉండేది గానీ ఎవరి నోటా ఉండేది కాదు. ఆఫీసులో కర్రావిడ, వీధిలో కర్రక్క.

ఆ కాలపు లెవెలులో లోకం తలకిందులుగా కనబడుతుంది. అద్దాల అమరిక అలాంటిది. అందుకే కర్ర మీద అంకెలు తలకిందులుగా రాస్తారు, లోపలినుంచి చూసేవాడికి తిన్నగా కనబడాలని. వానలు వెనకబట్టాక రంగు పోయిన కర్రలకి మళ్లీ రంగు వేసే పని కూడా కర్రక్కదే. బడికి వెళ్లని మనిషి ఆ విధంగా అంకెలు నేర్చుకుంది, తలకిందులుగా. క్యాలెండరు మీద తొమ్మిది చూసి ఆరు అనేదని కోడలు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఇన్నేళ్లలో ఆ యంత్రంలోకి ఆమెని ఒక్కసారీ చూడనివ్వలేదు. ఒకసారి అడిగింది. ఊపిరి తగిలి అద్దం మసకేస్తుందని చెప్పారు. సర్వేయర్లు ఊపిరి పీల్చరు కాబోలు.

ఆమె ఉండే వీధిలో నలభై ఒక్క ఇళ్లు. వీధి వెనక రాతి కాలవ ఉంది. ఆరు మీటర్ల వెడల్పు, మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతు. కాలవ అవతలి ఒడ్డున వరసగా పెద్ద పెద్ద చెట్లు. పెళ్లయిన కొత్తలో భర్త చవగ్గా వస్తుందని రోడ్డు కింది స్థలం తీసుకుందామన్నాడు. అక్కడ తన కర్ర ఎంత పల్లంలో నిలబడిందో ఆమెకి తెలుసు. వద్దంది. ఈ వీధే కావాలని పట్టుబట్టింది. కట్టుకున్నాక ఎన్నో వానలొచ్చాయి. కాలవ నిండింది, ఉరికింది, చెట్ల మొదళ్లు తడిపింది. వీధిలోకి మాత్రం చెంబెడు నీళ్లు రాలేదు. భర్త పోయేదాకా ఎవరింటికి వెళ్లినా ఆ మాట చెప్పి మీసం దువ్వుకునేవాడు, ఆ తెలివి తనదే అన్నట్టు.

కొన్నేళ్ల కింద ఆఫీసుకి ఆకాశం నుంచి బొమ్మలు రావటం మొదలైంది. ఇక కర్రలక్కర్లేదన్నారు. కర్రలు పట్టే పదకొండు మందినీ ఒకే పూట ఇళ్లకి పంపేశారు. కర్రల్ని పెరట్లో తుక్కులో పడేశారు. కర్రక్క అడిగి ఒకటి తెచ్చుకుంది. అప్పటినుంచి అది వాకిట్లో బట్టల తాడుకి ఊతంగా నిలబడింది.

ఇంతలో నోటీసు వచ్చింది.

వీధి మొదట్లో గోడకి అతికించారు. పక్కనే రంగుల మ్యాపు. ఊరు చాలావరకు పచ్చగా ఉంటే కాలవ వెంబడి కొన్ని వీధులు ఎర్రగా ఉన్నాయి. ఈ వీధి నిలువునా ఎరుపే. వరద వస్తే నీళ్లు ఇళ్లమధ్య నుంచే పోతాయని, కాబట్టి నలభై ఒక్క ఇళ్లూ నీటి దారిలో ఉన్న ఆక్రమణలని, అభ్యంతరాలుంటే ఇరవై ఒక్క రోజుల్లో శాస్త్రీయ ఆధారాలతో చెప్పుకోవాలని, ఆ తర్వాత ఖాళీ చెయ్యాలని సారాంశం. కోడలు పైకి చదివి వినిపించింది. ఆమె బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. ఆఫీసు భాష కొంచెం అలవాటే.

"మరి కాలవ ఏదే?" అంది కర్రక్క మ్యాపు మీద వేలు పెట్టి.

కోడలు వెతికింది. కాలవ లేదు. కాలవ ఉండాల్సిన చోట లేత గోధుమరంగు వేసి ఉంది. కింద రంగుల పట్టిక చూస్తే ఆ రంగుకి అర్థం మెరక అని. "అత్తయ్యా, మన కాలవ గుట్టెక్కి కూచుంది," అంది.

వీధంతా కలిసి ఆఫీసుకి వెళ్లింది. అక్కడ గుమాస్తా చెప్పింది ఒకటే మాట: శాటిలైటు చూపించింది. ఆ మాట అన్నాక ఇక మాట్లాడటానికేమీ ఉండదన్నట్టు ఫైలు మూసేశాడు. పూర్వం బీదవాళ్లని లేపెయ్యాలంటే ఒక పెద్దమనిషి వచ్చి అరవాల్సి వచ్చేది. అరిచేవాడి మొహం అయినా తెలిసేది, మర్నాడు అదే మొహాన్ని నిలదియ్యొచ్చు. ఇప్పుడు అరిచేవాడు ఆకాశంలో ఉన్నాడు. వాడికి కోపం లేదు, పక్షపాతం లేదు, తప్పు జరగదు అని మనచేతే ఒప్పిస్తారు. ఆకాశంలో ఉన్నది యంత్రం. ఆ యంత్రం ఏం చూసిందో, ఎంత చూడలేదో దాచిపెట్టేది మాత్రం కింద కుర్చీలో కూర్చున్న మనిషే.

అందరూ వెనక్కి వచ్చేశారు గానీ కర్రక్క రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు తిరిగిన భవనం. తిన్నగా మేడ మీది కంప్యూటర్ల గదికి వెళ్లింది. అక్కడ ఒక అమ్మాయి ఉంది, కాంట్రాక్టు ఉద్యోగం, మ్యాపు తయారు చేసింది ఆమే. కర్రక్క తిడుతుందనుకుని బిక్కమొహం వేసింది. కర్రక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఇదెలా చేస్తారో చెప్పమని అడిగింది. ఇన్నాళ్లకి ఒక మనిషి తన పని గురించి అడిగినందుకో ఏమో, ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది.

ఆకాశం నుంచి కొలిచిన ఎత్తులన్నీ కలిపి డిజిటల్ ఎలివేషన్ మోడల్ అంటారట. నేలని చదరంగం బల్లలా గడులు గడులుగా చేస్తారు. ఈ మ్యాపుకి వాడిన లెక్కలో ఒక్కో గడి ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు. గడి మొత్తానికీ ఒకటే ఎత్తు. లోపల గొయ్యి ఉన్నా, గోడ ఉన్నా కలిపి ఒకటే అంకె. పెద్ద కొండలకీ, పెద్ద నదులకీ ఇది చక్కగా సరిపోతుంది. ఆరు మీటర్ల కాలవ గడిలో అయిదో వంతు. అది కలిసిపోతుంది. పైగా ఆకాశం నుంచి చూసినప్పుడు చెట్టు ఉంటే చెట్టు తలనే చాలావరకు నేల అనుకుంటుంది, ఇల్లుంటే కప్పుని. కాలవ పక్కన చెట్ల వరస ఉంది కనక ఆ గడులన్నీ పైకి లేచాయి. కంప్యూటరుకి అక్కడ గట్టు కనబడింది. గట్టెక్కలేక లెక్కల్లోని నీళ్లు పక్కకి తిరిగి వీధిలో పడ్డాయి.

కర్రక్క దాన్ని తన భాషలో చెప్పుకుంది. "అంటే ముప్పై మీటర్లకి ఒక్కచోట కర్ర పట్టారు. అదీ చెట్టెక్కి పట్టారు."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "అంతేనండీ."

"మరి మ్యాపు కింద అయిదు మీటర్లని రాసుందని మా కోడలు చదివిందే?"

నవ్వు ఆగిపోయింది. పైనుంచి వచ్చిన నిబంధన అయిదు మీటర్లు. అంత సన్నటి కొలత తేవాలంటే విమానం ఎగరాలి, లేదా మనుషులు నేల మీద నడవాలి. తేలిగ్గా దొరికింది ముప్పై. ఉన్నదాన్నే అయిదు చెయ్యమని పెద్ద ఇంజనీరుగారు చెప్పారు. ఆ అమ్మాయి ఒక్కో గడినీ ముప్పై ఆరు ముక్కలు చేసి, అంచులు నున్నగా దిద్దింది. చూడటానికి ముచ్చటగా వచ్చింది. కొత్త సంగతి ఒక్కటీ అందులో లేదు. ఈ విషయం రిపోర్టు చివర ఒక పేరా రాస్తే, చదివేవాళ్లు గందరగోళపడతారని తీసేయించారు.

"ఒక రొట్టెని ముప్పై ఆరు ముక్కలు కోస్తే ముప్పై ఆరు రొట్టెలవుతాయా తల్లీ?" అంది కర్రక్క. కోపం ఆ పిల్ల మీద కాదు. నలభై ఒక్క కొంపలు కూలిపోతాయని తెలిసినా ఒక్క పేరా ఉంచడానికి చెయ్యి రానివాళ్ల మీద. చదివేవాళ్లు గందరగోళపడతారట. చదివి గందరగోళపడే హక్కు కూడా మనకి లేదన్నమాట.

ఇంటికొచ్చి బట్టల తాడు కిందనించి కర్ర లాగేసింది. తడిబట్టలు మట్టిలో పడ్డాయి. "ఆరేసింది నేను, అత్తయ్యా," అంది కోడలు. మళ్లీ ఉతికిందీ కోడలే.

ఆఫీసులో ఆమెతో చివరిదాకా పనిచేసిన పెద్దాయన, రిటైరైన సర్వేయరు, రెండు వీధుల అవతల ఉంటాడు. తుక్కు వేలంలో కొన్న పాత లెవెలు ఒకటి ఆయన బీరువా మీద ఉంది. కానీ ఆయనకిప్పుడు రెండు కళ్లలోనూ పొర. యంత్రం బిగించగలడు, లెక్క కట్టగలడు, చదవలేడు.

"ఎవరు చూస్తారమ్మా మరి?" అన్నాడు.

"నేను చూస్తాను. ఊపిరి బిగబట్టుకుంటాలెండి."

కోడలి సెలవు రోజున మొదలుపెట్టారు. ఆఫీసు మెట్ల పక్కన ఒక చెక్కిన రాయి ఉంది. దాని ఎత్తు ఎప్పుడో పై అధికారులు ఖాయం చేసి పుస్తకాల్లో రాశారు; బెంచి మార్కు అంటారు. ఊళ్లో ఏ ఎత్తు కొలవాలన్నా అక్కడినుంచి బయల్దేరి, కొలిచి, తిరిగి అక్కడికే రావాలి. వచ్చాక బయల్దేరినప్పటి అంకే మళ్లీ రావాలి. రెండు కిలోమీటర్ల చుట్టుకి వేలి మందమంత తేడా వస్తే క్షమిస్తారు, అంతకుమించితే ఆ రోజు కొలత చెత్తబుట్టకే.

కోడలు కర్ర పట్టుకుంది. పెద్దాయన గొడుగు కింద కూర్చుని పుస్తకం తెరిచాడు. కర్రక్క వంగి కన్ను పెట్టింది. చాలాసేపు లేవలేదు. కర్ర మీద తను రాసిన అంకెలన్నీ తిన్నగా ఉన్నాయి. కోడలు మాత్రం ఆకాశంలోంచి కిందికి వేలాడుతోంది. అంటే ఇరవై ఎనిమిదేళ్లూ తనూ వాళ్లకి అలాగే కనబడిందన్నమాట, తలకిందులుగా.

"ఏమిటత్తయ్యా అంతసేపు? చెయ్యి లాగేస్తోంది."

"కదలకు," అంది కర్రక్క. జీవితంలో మొదటిసారి ఆ మాట తను అంది.

వీధిలోకి వెళ్లారు, కాలవ అడుగు కొలిచారు, ఒడ్డు కొలిచారు, ప్రతి గుమ్మమూ కొలిచారు. ఎండ దిగేవేళకి రాయి దగ్గరికి తిరిగొచ్చారు. పెద్దాయన లెక్క కట్టాడు. సరిగ్గా ఒక మీటరు తేడా.

ఎక్కడో ఒకచోట కర్రక్క రెండు బదులు ఒకటి చదివింది. కర్ర మీద మీటరు అంకె చిన్నగా ఎర్రగా ఉంటుంది. కొత్త కన్ను కదా, జారిపోయింది. ఆ అంకెలు రాసింది ఆమే. సిగ్గుతో మొహం ఎర్రబడింది. పెద్దాయన ఓదార్చాడు. పొరపాటు సరిగ్గా మీటరని తెలిసిపోయింది కదా, మిగతా అంతా సరిపోయింది, ఆ మీటరు కలిపేస్తే చాలన్నాడు. చాలా మంది అలాగే చేస్తారని కూడా చెప్పాడు. గడువులో ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయని కోడలు గుర్తుచేసింది.

కర్రక్క ఒప్పుకోలేదు. "ఎక్కడ పోయిందో తెలియని మీటరుని ఇంట్లో కూర్చుని కలిపేస్తే మనకీ వాళ్లకీ తేడా ఏముందండీ? వాళ్లు గడి కోశారు, మనం మీటరు అతికించాం. మళ్లీ నడుద్దాం."

కోడలు మరుసటి సెలవు రోజు కూడా పోయిందని గొణుక్కుంది గానీ, ఆ రోజు అందరికంటే ముందు కర్ర భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. రెండోసారి చుట్టు తిరిగొస్తే తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. వీధి నేల కంటే కాలవ అడుగు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు కింద.

అభ్యంతరాలు వినే రోజున పెద్ద ఇంజనీరుగారు బల్ల వెనక కూర్చున్నారు. పెద్దాయన పుస్తకం ముందు పెడితే, తిరగేసి, ఇవన్నీ పాతకాలపు పద్ధతులన్నారు. శాటిలైటు లెక్కతో చెక్క కర్రని పోల్చడం భావ్యం కాదన్నారు. కర్రక్క చేతులు కట్టుకోలేదు, కూర్చోమనకపోయినా కూర్చుంది.

"సారూ, మీ మ్యాపులో మన ఆఫీసు ఎంత ఎత్తుందో చూడమనండి."

పెద్ద ఇంజనీరుగారికి అర్థం కాలేదు. మూలనున్న కంప్యూటరు అమ్మాయి ఒక్క క్షణం ఆగి, ఆయన చెప్పకముందే నొక్కింది. బయటి రోడ్డు కంటే ఆఫీసు నేల తొమ్మిది మీటర్లు పైనుంది. భవనం కప్పుని నేల అనుకుంది మ్యాపు.

"రోడ్డు మీంచి లోపలికి నేను మూడు మెట్లెక్కి వచ్చాను. మీరు తొమ్మిది మీటర్లు ఎక్కారా?"

వెనక నవ్వులు వినబడ్డాయి. పెద్ద ఇంజనీరుగారు నీళ్లు తాగారు. చిన్న చిన్న తేడాలు ఎక్కడైనా ఉంటాయన్నారు. గుమాస్తాని పిలిచి చెవిలో ఏదో చెప్పారు. కాసేపటికి ఒక కాగితం టైపయి వచ్చింది. కోడలు చదివింది: మానవతా దృక్పథంతో సదరు వీధిని ప్రస్తుతానికి జాబితా నుంచి మినహాయించడమైనది, అభ్యంతరదారులు తృప్తి చెంది సంతకం చేసినారు.

వీధివాళ్ల మొహాలు విప్పారాయి. కుట్టుమిషను బాబాయ్, వీధికి పెద్ద, కలం తీసి కర్రక్క చేతిలో పెట్టాడు. "పెట్టేయమ్మా, ఇళ్లు నిలబడ్డాయి, ఇంకేం కావాలి?"

కర్రక్క కలం బల్ల మీద పెట్టింది. "బాబాయ్, వాళ్ల దయవల్ల ఉన్నామా మనం ఇన్నాళ్లూ? మెరక మీద ఉన్నాం కనక ఉన్నాం. ఈ ప్రస్తుతానికి అన్న మాట ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు? ఈయన బదిలీ అయితే ఆ వచ్చేవాడికి దయ ఉంటుందా? మ్యాపు తప్పు అని రాయమనండి, పెడతాను."

రాయకపోవడానికి కారణం అందరికీ తెలుసు. మ్యాపు తప్పు అని ఒక్కచోట రాస్తే మిగతా ఎర్రవీధులు మా సంగతేమిటని అడుగుతాయి. దయకైతే ఆ ఇబ్బంది లేదు. దయని ఒక వీధికి చూపించి పక్క వీధికి ఎగ్గొట్టొచ్చు. అధికారులకి మానవత్వం మీద ఇంత మక్కువ ఎందుకో ఆ పూట అక్కడున్నవాళ్లకి బాగా తెలిసొచ్చింది.

మీరు కొలిచిన కొలతని నేనెలా నమ్మను అన్నారు ఇంజనీరుగారు చివరికి.

"నమ్మొద్దు. కర్ర నేను పట్టుకుంటే వంచానంటారు, మా కోడలు పట్టుకుంటే ఎత్తి పట్టిందంటారు. మీరే వచ్చి పట్టుకోండి."

నలుగురి ముందూ అన్న మాట. కాదంటే బాగుండదు. మర్నాడు పొద్దున జీపులో వచ్చారు. ఆఫీసులో కర్ర పట్టే మనిషి ఒక్కరూ మిగల్లేదు గనక నిజంగానే ఆయనే పట్టుకోవాల్సి వచ్చింది. ఆఫీసు కొత్త లెవెలు వీధిలో నిలబెట్టారు. ఇందులో లోకం తిన్నగానే కనబడుతుంది, కర్రక్క పాత కర్ర మీది అంకెలే ఇప్పుడు తిరగబడ్డాయి. కంప్యూటరు అమ్మాయి మ్యాపు ఉన్న ట్యాబు తెచ్చింది. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. కుట్టుమిషను బాబాయ్ మాత్రం లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు, చేతికొచ్చిన కాగితం పోయిందన్న కోపంతో.

పెద్ద ఇంజనీరుగారు బూట్లతోనే కాలవ మెట్లు దిగారు. అడుగున చీలమండ లోతు నీళ్లు. కర్ర మడత పూర్తిగా విప్పి నిలబెట్టారు. కర్రక్క వంగి కన్ను పెట్టింది. అద్దంలో ఎదురింటి గోడ ఉంది, చెట్లున్నాయి, కాలవ ఒడ్డు రాళ్లున్నాయి. మనిషి లేడు. రాళ్ల వెనకనించి కర్ర కొస మాత్రం కొంచెం పైకి వచ్చి ఊగుతోంది.

"మ్యాపులో సారు ఎక్కడున్నారమ్మా?" అని అడిగింది.

ఆ అమ్మాయి ట్యాబు చూసి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చెప్పింది. "వీధి కంటే నాలుగు మీటర్ల పైన, గట్టు మీదండీ."

కర్రక్క లేచి, నోటికి చేతులడ్డు పెట్టి కేకేసింది. "సారూ, గట్టెక్కారు కదా, మేం కనబడుతున్నామా?"

కాలవలో కర్ర కొస ఇంకొంచెం ఊగింది.

"కదలకండి," అంది, మళ్లీ వంగి అంకె చదివింది. మూడు మీటర్ల తొంభై. మెడ వంచి ఇంకొకసారి చదివింది. ఈసారి ఎర్ర అంకె కూడా చూసింది.

పైకి వచ్చాక ఇంజనీరుగారు ప్యాంటు దులుపుకుని, యంత్రం పెట్టె మీద కాగితం పెట్టి తన చేత్తోనే రాశారు. మ్యాపులో ఈ కాలవ వెంబడి చూపిన ఎత్తు తప్పు, ముప్పై మీటర్ల కొలతని అయిదు మీటర్లుగా చూపడం జరిగింది, నేల మీది కొలత ప్రకారం నలభై ఒక్క ఇళ్లూ నీటి దారిలో లేవు. కోడలు ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివింది.

"ప్రస్తుతానికి అని ఎక్కడైనా ఉందా?" అంది కర్రక్క.

"లేదత్తయ్యా."

అప్పుడు సంతకం పెట్టింది.

గోడ మీద మ్యాపు ఇంకా అలాగే ఉంది. ఈ వీధి మీద తెల్లకాగితం ముక్క అతికించారు, మిగతా ఎరుపంతా ఎరుపే. ఆ సాయంత్రం కర్రక్క వాకిట్లో బట్టల తాడు నేలని తాకుతూ వేలాడింది. కోడలు తిట్టుకుంటూ బట్టలన్నీ కుర్చీల మీద ఆరేసింది. కర్ర ఇంటికి రాలేదు. కాలవకి ఇంకా దిగువన ఉన్న ఎర్రవీధి ఆడవాళ్లు వచ్చి దాన్ని తీసుకెళ్లారు, పట్టుకోవడం ఎలాగో చూపించడానికి కర్రక్కని కూడా.